సైకిలు క్రాంకు ఎందుకు వదులగును?

ఇంట రేడియో గలవారి చెవులు సూక్ష్మములైనవి. వార్తల నడుమ ఏ కొంచెము గరగర వినవచ్చినను వెంటనే లేచి మీట సవరింతుము. కాని ఆ యింటి అరుగు ప్రక్కన నిలిచియున్న సైకిలు వారము దినములనుండి టక్కు టక్కుమని మొరపెట్టుకొనుచున్నను దానిని వినిపించుకొనువారు అరుదు. "నడుచుచున్నది గదా, తరువాత చూతము" అని ఊరకుందురు. నేటి ప్రసంగమున ఆ టక్కు శబ్దమును గూర్చియే కొంత ముచ్చటింపదలచితిమి. అది ఎచ్చటనుండి వచ్చును, ఎందుకు వచ్చును, దానిని ఎట్లు మాన్పవలెను, మరల రాకుండ ఎట్లు కాపాడుకొనవలెను అనునవి తెలిసినచో చిన్న ఖర్చుతో పోవు పని పెద్ద ఖర్చునకు దిగదు. అంతకంటె ముఖ్యముగా ఎవరి కాలుసేతులును విరుగవు.

ఈ పాఠము మాకు పుస్తకముల వలన గాక దెబ్బ తినుటచే తెలిసినది. 1998లో మేము కళాశాలలో చదువుచుండగా నాన్నగారి నల్ల సైకిలు మా చేతికి వచ్చినది. ప్రతి ఉదయము చెల్లెలిని వెనుక క్యారియరుపై కూర్చుండబెట్టుకొని, కాలువగట్టు వెంబడి ఐదు కిలోమీటర్లు పోయి, ఆమెను హైస్కూలు వద్ద దింపి, మేము బస్సు ఎక్కెడివారము. ఒకనాడు ఎడమ పెడలు త్రొక్కినప్పుడెల్ల చిన్న కుదుపు తగులసాగినది. వంగి చూచితిమి. క్రాంకు ప్రక్కన ఒక నట్టు కనబడినది. పానా తెచ్చి దానిని బిగించితిమి. రెండు దినములు హాయిగా నడచినది. మూడవనాడు మరల కుదుపు, మరల బిగించితిమి. తరువాత ప్రతి ఉదయము ముఖము కడుగుకొనుట ఎట్లో నట్టు బిగించుటయు అట్లే అలవాటైనది. తుదకు ఒకనాడు నట్టు బిగియక ఊరక తిరుగసాగినది. దాని మరలు అరిగిపోయినవి. అయినను బడివేళ మించిపోవునని బయలుదేరితిమి. వంతెన ఎక్కుచు, లేచి నిలిచి త్రొక్కినంతనే ఎడమ క్రాంకు ఇరుసుపై గిఱ్ఱున తిరిగినది. కాలు జారినది. ఇరువురమును పడితిమి. మాకు మోకాలు గీచుకొనిపోయినది. చెల్లెలికి కుడి మోచేయి విరిగినది. ఆరు వారములు కట్టు కట్టించుకొని, ఆ పాప త్రైమాసిక పరీక్షలు వ్రాయలేకపోయినది.

వేపచెట్టు క్రింద సైకిళ్ళు బాగుచేయు పెద్దాయన ఆ క్రాంకునుండి ఊడిన పిన్నును మా అరచేతిలో పెట్టి, నట్టును చూపి యిట్లనెను: "ఇది కాపలావాడు బాబూ, మోసేవాడు కాదు. కాపలావాడి నెత్తిన మూట పెడితే ఎన్నాళ్ళు మోస్తాడు?" మేము నేడు చెప్పబోవునదంతయు ఆ ఒక్క మాటకు వ్యాఖ్యానమే.

క్రాంకు అనగా పెడలును నడిమి ఇరుసునకు కలుపు ఇనుప చేయి. 1885లో ఇంగ్లండులోని కోవెంట్రీ నగరమున జాన్ కెంప్ స్టార్లీ తయారుచేసిన రోవరు సైకిలులో పెడళ్ళు రెండు చక్రముల నడుమకు చేరి, చైను వెనుక చక్రమును త్రిప్పసాగినది. నేటి సైకిలు రూపమునకు అదియే ఒరవడి. అందు ఒక చిక్కు ఉన్నది. ఇరుసు చట్రములోని గొట్టము గుండ ఈ వైపునుండి ఆ వైపునకు దూరవలెను. క్రాంకులు రెండును ఇరుసుతో ఒకే ముక్కగా పోతపోసినచో మన సైకిళ్ళ సన్నని గొట్టములో అది దూరదు. కనుక ఇరుసు వేరు, క్రాంకులు వేరు; దూర్చిన పిమ్మట వానిని కలుపవలెను. కలిపిన చోటెల్ల విడిపోవు అవకాశము కూడ ఉండును గదా.

మన నల్ల సైకిలులో ఈ కలయిక కాటరు పిన్ను వలన జరుగును. 1949లో మద్రాసు దాపున అంబత్తూరునందును, 1956లో లూధియానాయందును సైకిలు సంస్థలు స్థాపితమైన పిమ్మట దేశమున ఊరూర పరిచయమైన సైకిలు ఇట్టిదే. నేటికిని పాలవారును, కూరగాయలవారును, పొలము పోవు రైతులును పలుచోట్ల నడుపుచున్నది దీనినే. ఇరుసు కొన గుండ్రముగా, సుమారు 16 మిల్లీమీటర్ల లావున ఉండును. దానిపై ఒక ప్రక్క చిన్న చదును చెక్కబడి యుండును. క్రాంకునకు ఇరుసు దూరు రంధ్రమొకటి, దానికి అడ్డముగా పిన్ను దూరు రంధ్రము మరియొకటి ఉండును. పిన్ను లావు మన సైకిళ్ళలో సాధారణముగా 9.5 మిల్లీమీటర్లు, అనగా అంగుళములో ఎనిమిదింట మూడు వంతులు. పిన్ను ఒక ప్రక్క ఏటవాలుగా చదును చేయబడి, ఒక కొన లావుగను మరియొక కొన సన్నముగను ఉండును. దానిని దిగగొట్టిన కొలది ఆ ఏటవాలు ముఖము ఇరుసు చదునుపై ఒరసికొని బిగిసికొనును. గొడ్డలి కామ వదులైనప్పుడు దాని తలలో చిన్న కొయ్య మేకును దిగగొట్టుట మనమందరము ఎరిగినదే. కాటరు పిన్ను పనియు అదియే. పిన్ను సన్నని కొనకు మరలు కోసి నట్టు తొడుగుదురు. ఆ నట్టు, దిగిన పిన్ను వెనుకకు జారకుండ కాచునదే గాని పిన్నును దింపుటకు ఏర్పడినది కాదు.

ఆ పిన్నుపై పడు భారమెంతయో లెక్కవేసి చూతము. క్రాంకు పొడవు సుమారు 165 మిల్లీమీటర్లు. ఇరుసు నడిమినుండి అంచు వరకు 8 మిల్లీమీటర్లు. 60 కిలోగ్రాముల మనిషి పెడలుపై లేచి నిలిచినచో, పొడవాటి క్రాంకు గునపమువలె పనిచేసి ఆ బరువును ఇరువది రెట్లు పెంచును. అనగా ఇరుసు అంచుకడ పడు ఒత్తిడి సుమారు 1,200 కిలోగ్రాములు, పన్నెండు క్వింటాళ్ళు. నిమిషమునకు అరువది చుట్లు త్రొక్కినచో గంటకు 3,600 మారులు ఈ ఒత్తిడి వచ్చి పోవుచుండును. ఇట్టి భారమును పిన్ను ముఖమంతయు ఇరుసు చదునును అంటి మోయవలెనే గాని, చిటికెన వ్రేలి సగము లావు లేని మరలు మోయగలవా?

వచ్చి పోవుట మాత్రమే కాదు. ఈ ఒత్తిడి దిక్కు కూడ మారుచుండును. త్రొక్కునప్పుడు కాలు క్రాంకును ముందుకు త్రిప్పును. దిగుడు బాటలో త్రొక్కుట మాని, రెండు పెడళ్ళను సమముగా నిలిపి వానిపై నిలుచున్నప్పుడు, వెనుకనున్న కాలు తన క్రాంకును ఎదురు దిక్కునకు నొక్కును. గోతుల బాటయైనచో ప్రతి గోతికిని ఒక దెబ్బ. ఇటు ఒక నొక్కు, అటు ఒక నొక్కు. పాతిన గుంజను ఊపి ఊపి పెరుకునట్లే ఇది. ఇందు ఎడమ ప్రక్క కొంత ఎక్కువ కష్టపడును. కుడి క్రాంకునకు చైను వీలు అంటియే యుండును గనుక కుడి కాలి బలము నేరుగా చైనునకు చేరును. ఎడమ కాలి బలము మాత్రము ఎడమ పిన్ను గుండ ఇరుసునకు, ఇరుసునుండి కుడి పిన్ను గుండ చైను వీలునకు పోవలెను. రెండు పిన్నులలో దేని బిగువు తగ్గినను ముందు తెలియునది ఎడమ కాలికే.

ఇక పరీక్ష. కుదుపు వచ్చినంతనే క్రాంకు వదులని నిశ్చయింపరాదు. మూడు చోట్ల చూడవలెను. మొదట పెడలును చేత పట్టుకొని ఊపవలెను. పెడలు మాత్రమే కదలినచో లోపము అందే. కుడి పెడలు గడియారపు ముల్లు తిరుగు దిక్కునను, ఎడమ పెడలు దానికి ఎదురు దిక్కునను బిగియునని మరువరాదు. ఎడమదానిని అలవాటు చొప్పున త్రిప్పి మరలు పాడుచేసికొన్నవారు పెక్కుమంది. రెండవది, ఒక క్రాంకును పట్టుకొని చట్రమువైపు నెట్టుచు లాగుచు చూడవలెను. రెండు క్రాంకులును ఒక్కటిగా కదలినచో వదులు ఇరుసు బాల్సులయందు; ఎడమవైపు బి.బి. కప్పును సరిచేయవలెను. మూడవది అసలు పరీక్ష. క్రాంకులను నేలకు సమముగా నిలిపి, ఒక్కొక్క పెడలుపై ఒక్కొక్క చేయి వేసి రెంటిని ఒకేసారి గట్టిగా నొక్కవలెను. తరువాత క్రాంకులను అర చుట్టు త్రిప్పి మరల నొక్కవలెను. ఏదేని ఒక క్రాంకు ఇరుసుపై ఇసుమంతయైనను జరిగి టక్కుమన్నచో దాని పిన్ను వదులైనదని నమ్మవచ్చును. దీనికి ఒక నిమిషము చాలును; పనిముట్టు అక్కరలేదు.

వదులైనదని తెలిసినచో సైకిలు ఎక్కరాదు, నడిపించుకొనియే పోవలెను. ఇది పిరికితనమున చెప్పు మాట కాదు. వదులైన పిన్నుపై త్రొక్కిన ప్రతి చుట్టును మూడు వస్తువులను అరగదీయును. మొదట మెత్తని పిన్ను అరిగి దానిపై మెట్టువంటి గాటు పడును. ఆ దశలో పిన్ను మార్చినచో సరిపోవును. తరువాత ఇరుసు చదును అంచులు గుండ్రబడును. అప్పుడు ఎంత మంచి పిన్ను వేసినను నిలువదు, ఇరుసు మార్చవలెను. పిమ్మట క్రాంకు రంధ్రము కోలగా సాగును, క్రాంకే మార్చవలెను. అన్నిటిలో చౌకయైనది పిన్ను. దానిని మార్చుటకు సోమరించినవాడు తక్కిన రెంటికిని వెల చెల్లించుకొనును.

పిన్ను మార్చు విధము చెప్పెదము. ఒక కిలో బరువు సుత్తి, పానా, ఆకురాయి, నేలనుండి క్రాంకు వరకు అందునంత పొడవు గల ఇనుప గొట్టము ముక్క, ఇవియే సాధనములు. తుప్పు పట్టియున్నచో ముందునాటి రాత్రి కొంచెము కిరసనాయిలు పోసి ఉంచవలెను. నట్టును పూర్తిగా తీయక, దాని ముఖము పిన్ను కొనతో సమమగు వరకు మాత్రమే విప్పవలెను. మరలకు అది కవచము. నట్టు పైకి వచ్చునట్లు క్రాంకును త్రిప్పి, క్రిందనున్న పిన్ను తలను చుట్టి గొట్టము క్రాంకునకు ఆనునట్లు నిలుపవలెను. ఇది మిక్కిలి ముఖ్యము. ఈ ఊత లేకుండ కొట్టినచో దెబ్బ నేరుగా ఇరుసు బాల్సులపై పడి కప్పులలో గుంటలు చేయును; క్రాంకు రోగము కుదిర్చి బాల్సు రోగము తెచ్చుకొన్నట్లగును. ఊత సరిగా కుదిరిన పిమ్మట నిబ్బరముగా ఒక గట్టి దెబ్బ వేయవలెను. భయపడుచు కొట్టు పది చిన్న దెబ్బలు పిన్ను కొనను పుట్టగొడుగువలె చదునుచేయునే గాని పిన్నును కదలింపవు.

పాత పిన్ను ఊడిన వెంటనే క్రొత్తది దిగగొట్టవలదు. ఇరుసు చదునును, రంధ్రములను గుడ్డతో తుడిచి, ఇసుకయు తుప్పును పోగొట్టవలెను. పాత పిన్నును దుకాణమునకు తీసికొనిపోయి అదే లావు గలది, వీలైనచో గట్టి ఉక్కుతో చేసినది అడిగి, రెండు వైపులకును రెండు కొనవలెను. తెచ్చిన పిన్నును పలుచగా నూనె పూసి చేతితో దూర్చి, తేలికగా తట్టి, మరల తీసి దాని ఏటవాలు ముఖమును చూడవలెను. ఇరుసు ఒరసిన చోట మెరుగు కనబడును. మెరుగు ముఖము పొడవునను సమముగా ఉన్నచో పిన్ను కుదిరినట్లే. ఒక కొనననే ఉన్నచో ఆ కొనను ఆకురాయితో కొద్దికొద్దిగా, ముఖము చదును చెడకుండ రాచి, మరల దూర్చి చూడవలెను. రెండు మూడు మారులు ఇట్లు చేయుటకు పావుగంట పట్టును. పిన్ను నెలలో వదులగునో, ఏండ్ల తరబడి నిలుచునో నిర్ణయించునది ఈ పావుగంటయే. పిన్ను ఏ మాత్రము కొట్టకుండనే చివరివరకు జారిపోయినచో అది సన్నము. దానిని దుకాణమునకు తిరిగి ఈయవలెను.

కొందరు వదులు పోగొట్టుటకు పిన్ను ప్రక్కన రేకు ముక్కయో, గుడ్డపీలికయో, తీగెయో చెక్కుదురు. పన్నెండు క్వింటాళ్ళ ఒత్తిడి క్రింద రేకు ఎన్ని దినములు నిలుచును? అది నలిగిపోవుటయే గాక, ఉన్నంతకాలము పిన్ను ముఖము ఇరుసునకు పూర్తిగా అంటకుండ అడ్డుపడును.

కుదిరిన పిన్నును దింపునప్పుడు కూడ గొట్టపు ఊత ఉండవలెను. రెండు మూడు గట్టి దెబ్బలు వేసినచో సుత్తి శబ్దము మారును. బొదబొదలాడు శబ్దము పోయి ఖంగుమని మ్రోగును. అప్పుడు వాషరు వేసి, నట్టును చేతితో త్రిప్పగలిగినంత త్రిప్పి, ఆపైన పానాతో కొంచెము బిగించిన చాలును. రెండు పిన్నుల అమరికలో ఒక నియమము కలదు. కుడి క్రాంకును ముందుకు చాచి నిలిపినప్పుడు దాని నట్టు పైకి ఉన్నచో, ఎడమ క్రాంకును అట్లే ముందుకు త్రిప్పి చూచినప్పుడు దాని నట్టును పైకే ఉండవలెను. తప్పినచో క్రాంకులు రెండును ఒకే గీతలో నిలువక, త్రొక్కువాడు కుంటివానివలె త్రొక్కవలసి వచ్చును.

ఇంతటితో పని ముగియలేదు. క్రొత్త పిన్ను మొదటి పది పదునైదు కిలోమీటర్లలో ఇరుసుపై ఒదిగి కూర్చుండును. ఒదిగినప్పుడు వెంట్రుకవాసి ఖాళీ ఏర్పడును. కావున మరునాడు మరల ఊత పెట్టి పిన్ను తలపై ఒక దెబ్బ వేసి, పిమ్మట నట్టును సవరింపవలెను. వారము గడచిన తరువాత మరియొకసారి చూడవలెను. క్రమము మరువవలదు: ముందు సుత్తి, తరువాత పానా. మేము 1998లో చేసిన తప్పు ఈ క్రమము తెలియక సుత్తి పనిని పానాతో చేయబోవుటయే.

ఇప్పుడు పట్టణములలో పిల్లలు కోరి కొనుచున్న గేరు సైకిళ్ళలో పెక్కింటికి కాటరు పిన్ను ఉండదు. ఈ పిన్ను లేని క్రాంకులు 1930ల నాటికే ఫ్రాన్సు దేశమున వచ్చినవి. వీనిలో ఇరుసు కొన నలుపలకలుగా, కొనవైపు సన్నబడుచు ఉండును. అల్యూమినియము క్రాంకులోని నలుపలకల రంధ్రము దానిపై బిగువుగా ఎక్కును. ఎక్కించి పట్టియుంచునది నడుమనున్న బోల్టు. పేరు మారినను సూత్రము అదియే: ఏటవాలు ముఖములు ఒండొంటిని అంటి భారము మోయవలెను. కాని యిందు బోల్టే సుత్తి పనిని కూడ చేయును గనుక దానిని నిజముగానే గట్టిగా బిగింపవలెను. ఇరువది సెంటీమీటర్ల పిడిగల పానా కొనను సుమారు ఇరువది కిలోల బలముతో లాగినచో బిగువు సరిపోవును. మొదటి ప్రయాణముల పిమ్మట ఒకసారి సరిచూడవలెను.

ఈ క్రాంకు వదులైనప్పుడు త్రొక్కుట మరింత ప్రమాదము. ఇరుసు ఉక్కు, క్రాంకు అల్యూమినియము. గట్టిది మెత్తనిదానిని తొలిచి, నలుపలకల రంధ్రమును ఒకటి రెండు గంటలలోనే గుండ్రము చేయగలదు. అట్లు చెడిన రంధ్రమునకు ఎంత బిగించినను బిగువు నిలువదు. మాటిమాటికి బిగింపవలసి వచ్చుచున్నచో క్రాంకు మార్చవలసినదని గ్రహించి, బోల్టుపై కోపము మానవలెను. బాగా ఖరీదైన సైకిళ్ళలో ఎడమ క్రాంకు చీలియుండి, రెండు చిన్న బోల్టులచే ఇరుసును కరచి పట్టుకొనును. వానిలో ఒకదానినే పూర్తిగా బిగింపక, దీనిని కొంత దానిని కొంత, మార్చి మార్చి బిగింపవలెను.

దారిలో, దుకాణము దాపున లేనప్పుడు నల్ల సైకిలు పిన్ను వదులైనచో ఏమి చేయవలెను? క్రాంకు క్రింద ఒక రాయి ఊతపెట్టి, మరియొక రాతితో పిన్ను తలపై కొట్టి దింపి, నట్టు బిగించినచో ఇల్లు చేరుటకు కొంత ఆధారము దొరకును. అప్పుడైనను లేచి నిలిచి త్రొక్కరాదు, బస్తాలు వేయరాదు, ముఖ్యముగా వెనుక ఎవరిని ఎక్కించుకొనరాదు. మన తొందర మన మోకాటికి మాత్రమే వచ్చునని అనుకొందుము. క్యారియరుపై కూర్చున్నవారికి పట్టుకొనుటకు హాండిలు ఉండదు, పడుదుమని ముందు తెలియుటకు కుదుపు కూడ తగులదు.

నివారణ మాటకు వచ్చినచో చెప్పవలసినది స్వల్పమే. నెలకొకసారి, చైనుకు నూనె వేయునాడే, పైని మూడు పరీక్షలును చేయవలెను. వానకాలములో నీళ్ళలోను బురదలోను నడచిన సైకిలు క్రాంకు మొదళ్ళను తుడిచి ఒక చుక్క నూనె వేయవలెను. దిగుడు బాటలో గోతులు వచ్చినప్పుడు పెడళ్ళపై బిఱ్ఱబిగిసి నిలువక మోకాళ్ళు కొంచెము వంచవలెను. క్రొత్త సైకిలు కొన్నవారు మొదటి వారమున దుకాణమునకు తీసికొనిపోయి పిన్నులు మరల కొట్టించుకొనవలెను. ఇంట పదేండ్లు దాటిన పిల్లలున్నచో ఈ పరీక్షను వారికే నేర్పుట మేలు. సైకిలు చప్పుడు ముందుగా వినునది దానిని నడుపువారే గదా.

మా చెల్లెలి మోచేయి అతుకుకొన్నది గాని, చేయి నేటికిని పూర్తిగా చాచుకొనదు. ఇప్పుడు ఆమె కుమార్తె సైకిలుపై బడికి పోవుచున్నది. ప్రతి నెల మొదటి ఆదివారమున తల్లియు కూతురును ఆ సైకిలును వాకిట నిలిపి, రెండు పెడళ్ళను నొక్కి చెవి యొగ్గుదురు. శబ్దము లేకున్నచో లోపలికి పోవుదురు. ఉన్నచో ఆనాడు ఆ సైకిలు గడప దాటదు.